పిన్నీసు

బాలమణి ముఖం నాకంతగా గుర్తులేదు.
వీపు గుర్తుంది.
నాలుగు పిన్నీసులతో తగిలించిన నూట పదిహేడు,
కింద ఎడమ మూల పిన్నీసు ఎప్పుడూ ఊడిపోయి
గుడ్డముక్క టపటపా కొట్టుకునేది.
ఆ చప్పుడు వెనకాలే తొమ్మిదేళ్లు పరుగెత్తాను.

లాలాగూడ వర్క్‌షాపు ఫిట్టరు కూతురు.
పొద్దున సైరన్ ఆగేలోపు
నాయన మరిచిపోయిన టిఫిను డబ్బా
గేటు దాకా ఉరికి ఇచ్చి రావడమే
ఆమెకు మొదటి కోచింగు.
రోజూ మరిచేవాడట.
కావాలనే మరిచేవాడని నా అనుమానం.

జింఖానా మైదానానికి ఒట్టి కాళ్లతో వచ్చింది.
నాకేమో అన్న మీరట్ నుంచి తెప్పించిన స్పైకులు.
ఆ స్పైకులకు దొరికింది
ఆమె మడమలు లేపిన దుమ్ము.

ఫతే మైదాన్‌లో అప్పుడు బొగ్గుపొడి ట్రాకు.
పడితే నల్లరవ్వ చర్మంలోనే ఉండిపోయేది పచ్చబొట్టులా.
నా కుడిమోకాల్లో ఇప్పటికీ రెండున్నాయి.
గీత పక్కన మెట్ల బల్ల మీద ముగ్గురు పెద్దమనుషులు,
మూడు గడియారాలు, మూడు రకాల కాలాలు.
పన్నెండు. పదకొండు ఎనిమిది. పదకొండు తొమ్మిది.
నడిమిది రాసుకునేవారు.
నా విషయంలో మాత్రం ముగ్గురిదీ ఒకే మాట:
రెండు.

తిరుగు ప్రయాణం డబుల్ డెక్కర్‌లో.
పైన ముందు సీటు ఆమెది.
అక్కడా నాకు జడే కనిపించేది.

దాచడమెందుకు,
ఆమె కాలు విరగాలని ఒకసారి మొక్కుకున్నాను,
మెట్టుగూడ చర్చిలో, మోకాళ్ల మీద,
ఆ రెండు నల్లరవ్వల మీదే.

ఒక్కసారి గెలిచాను.
ఎనభై ఆరు, డిసెంబరు, పళ్లు కొట్టుకునే చలి.
తుపాకీ పేలకముందే రెండుసార్లు కదిలింది బాలమణి.
స్టార్టరు భుజం తట్టి బయటకు చూపించాడు.
మళ్లీ పేలినప్పుడు
నా ముందు వీపు లేదు.
ఎంత ఖాళీ!
తాడు తెంపుకున్న దూడలా ఉరికి
గీత దాటినా ఆగడం తెలియక గోడకు చేతులానించాను.
ఆ బంగారు పతకం గుండీల డబ్బాలో ఉంది.
చింతపండుతో తోమితే ఇత్తడని తేలింది.
కాలం పన్నెండు మూడు.
ఆమె వెనక పరుగెత్తితే నాది పన్నెండు సున్నా.

తర్వాత ఆమె పాటియాలా క్యాంపుకెళ్లింది,
ఇంకా ఎక్కడెక్కడికో వెళ్లింది.
పేపర్లో ఫోటో పడింది, ముందు నుంచి తీసింది.
ఎవరో అనుకున్నాను.
ఒకరోజు డెబ్బయ్యో మీటరు దగ్గర తొడకండ తెగింది.
పాత లుంగీ చినిగినట్టు వినిపించిందట.
మిగతా ముప్పై మీటర్లూ కుంటి,
గీత దాటి,
అప్పుడు కూర్చుంది.
నా మొక్కు వల్ల కాదని ఫాదర్ అన్నారు.
ఫాదర్‌కు పరుగు సంగతేం తెలుసు.

మొన్న రైల్వే ఆస్పత్రిలో మందుల కిటికీ ముందు
నా టోకెను నలభై ఒకటి.
వెనక ఎవరో దగ్గితే తిరిగి చూశాను.
పోల్చుకోలేదు.
"రోజ్లిన్‌వి కదా? ఎన్కనుంచి చూస్తే తెల్వలే.
ఎన్నడన్న చూసిననా నీ ఈపు?"
నవ్వింది. ఒక పన్ను లేదు.
షుగరు, రెండు మోకాళ్లు, టికెట్ కలెక్టరుగా రిటైరు.
"నీ స్పైకుల సప్పుడు రాత్రిళ్లు ఇంకా ఇనబడ్తది.
ఇగ అందుకున్నది, ఇగ అందుకున్నది అన్నట్టు.
ఉలిక్కిపడి లేస్త."

నలభై ఒకటి, అని పిలిచారు.
నువ్వు పో, అన్నాను.
"వద్దమ్మా, దొంగ స్టార్టుతోని
ఒక్కపారి పోయిన గద, సాలు."

ఆమె మందులు వచ్చేదాకా ఆగాను.
బయట మెట్లు పన్నెండో పదమూడో.
దిగుతుంటే అలవాటుగా ఒక మెట్టు వెనకబడ్డాను.
భుజం మీద కొంగు పిన్నీసు ఊడి వేలాడుతోంది.
ఆగవే, అన్నాను.
ఆగింది.
పిన్నీసు పెడుతుంటే వేళ్లకు ఆ వీపు తగిలింది,
చెమటతో, వెచ్చగా.